రాత్రిపూట లేపే వెన్నునొప్పి

వెన్నెముకలో గడ్డ ఉందని డాక్టరు అనగానే ఇంటిల్లిపాదికీ నోట మాట రాదు. గడ్డంటే క్యాన్సరే, అది వెన్నులో వచ్చిందంటే ఇక మంచమే అనుకుంటారు. ఈ పూట నేను చెప్పబోయేవి వెన్నుపూసల్లో వచ్చే క్యాన్సర్ కాని గడ్డల సంగతి. వీటిలో చాలావాటికి కత్తి అవసరమే లేదు. కొన్నిటికి ఉంది, అది కూడా వేళకు. చిక్కేమిటంటే, వీటి విషయంలో మన భయమూ మన ధీమా తారుమారయ్యాయి. భయపడనక్కర్లేని చోట అప్పు చేసి మరీ భయపడుతున్నాం. పట్టించుకోవాల్సిన చోట నొప్పి బిళ్ల వేసి పడుకోబెడుతున్నాం.

సరిహద్దుకు అవతల, నాందేడ్ జిల్లా ముఖేడ్ తాలూకాలో ఉన్న తెలుగువాళ్లను మనసులో పెట్టుకుని ఈ మాటలు రాసుకున్నాను. 1956లో రాష్ట్రాలు విడిపోయేదాకా ముఖేడ్ కూడా హైదరాబాద్ రాష్ట్రంలోని ఊరే. ఇంటిపేరు చివర ‘వార్’ అని ఉండే కుటుంబాలు నాందేడ్ జిల్లాలో ఏ బజారుకు వెళ్లినా కనిపిస్తాయి. కొట్లో మరాఠీ, వంటింట్లో తెలుగు. పెద్ద జబ్బు అనగానే కొందరు నాందేడ్ బస్సు ఎక్కుతారు, కొందరు దెగ్లూర్ మీదుగా హైదరాబాద్ దారి పడతారు. ఎటు వెళ్లాలో తేలక కొన్ని నెలలు ఇంట్లోనే గడిచిపోయేవాళ్లూ ఉన్నారు. వెన్నుపూసలో గడ్డకు ఆ కొన్ని నెలలు చాలా విలువైనవి. ఎందుకో చెబుతాను.

పద్నాలుగేళ్ల పిల్లాడు ఒకడు ఉన్నాడనుకుందాం. ఫలానా ఇంటి పిల్లాడని కాదు, ఎముకల డాక్టర్లందరం ఎప్పుడో ఒకప్పుడు చూసే పిల్లాడే. పగలు బడికి పోతాడు, ఆడుకుంటాడు. అర్ధరాత్రి దాటాక లేచి కూర్చుంటాడు. ‘అమ్మా, నడుం గుంజుతోంది’ అంటాడు. సెలవుల్లో సోయా చేలో వంగి పని చేశాడు కదా, పట్టేసి ఉంటుందిలే అంటుంది అమ్మ. నాయనమ్మ ఎదురుకాళ్లతో పుట్టినవాణ్ణి పిలిపించి వీపు మీద కాలు పెట్టించమంటుంది. మరాఠీ ఇళ్లలోనూ ఈ నమ్మకం ఉంది, అలాంటివాణ్ణి అక్కడ ‘పాయాళూ’ అంటారు. కాలు పెట్టించారు. తగ్గలేదు. మెడికల్ షాపు నుంచి నొప్పి బిళ్ల తెచ్చారు. వేసుకున్న అరగంట, ముప్పావుగంటకు పిల్లాడు హాయిగా నిద్రపోయాడు. బిళ్లకే లొంగింది కాబట్టి పెద్ద జబ్బేమీ కాదని అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

అక్కడే పొరపాటు జరుగుతుంది. నొప్పి అంత చక్కగా బిళ్లకు లొంగడమే జబ్బు చిరునామా చెబుతోంది.

ఈ గడ్డ పేరు ఆస్టియాయిడ్ ఆస్టియోమా. 1935లో న్యూయార్క్‌లోని పాథాలజిస్టు హెన్రీ జాఫే ఐదుగురు రోగుల ఎముకలను పరీక్షించి, ఇది చీము కాదు, వాపు కాదు, ఒక ప్రత్యేకమైన గడ్డ అని తేల్చాడు. అప్పటిదాకా దీన్ని ఎముకలో చీము పట్టిందనే అనుకునేవారు. గడ్డ అసలు భాగం చాలా చిన్నది. మామూలుగా ఒకటిన్నర సెంటీమీటరుకు మించదు. కానీ ఆ చిన్న బొడిపె ప్రోస్టాగ్లాండిన్ అనే రసాయనాన్ని దండిగా తయారుచేస్తుంది. నొప్పి పుట్టించేది, చుట్టూ ఎముకను వాచేలా, గట్టిపడేలా చేసేది ఆ రసాయనమే. ఆస్పిరిన్, ఇబుప్రోఫెన్ లాంటి మందులు సరిగ్గా ఆ రసాయనం తయారీనే ఆపుతాయి. అందుకే బిళ్ల వేయగానే నొప్పి మాయమవుతుంది, దాని ప్రభావం దిగగానే మళ్లీ వస్తుంది. గడ్డ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఏళ్ల తరబడి రోజూ ఈ బిళ్లలు మింగితే కడుపులో పుండ్లు, కిడ్నీలకు దెబ్బ. పిల్లలకు ఇంట్లోవాళ్లే సొంతంగా ఆస్పిరిన్ ఇవ్వడం అసలే కూడదు.

ఇది ఎక్కువగా 25 ఏళ్లలోపు వాళ్లలో వస్తుంది. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో రెండు మూడు రెట్లు ఎక్కువ. తొడ ఎముక, కాలి ఎముకల్లో ఎక్కువగా వచ్చినా, సుమారు పదిమందిలో ఒకరికి వెన్నులో వస్తుంది. వెన్నులో వచ్చినప్పుడు పూస ముందుభాగంలో కాకుండా వీపు వైపుండే కమానులో కూర్చుంటుంది. మామూలు ఎక్స్‌రేలో ఆ చోట ఎముకల నీడలు ఒకదాని మీద ఒకటి పడతాయి కాబట్టి చాలాసార్లు కనపడదు. ‘ఎక్స్‌రే తీశాం, ఏమీ లేదన్నారు’ అని మీరు చెప్పే మాట అబద్ధం కాదు. ఏమీ కనపడలేదన్నదే దాని అర్థం.

ఇక వంకర సంగతి. గడ్డ ఉన్న వైపు కండరాలు బిగుసుకుపోతాయి. విల్లు లోపలి వైపు గడ్డ ఉన్నట్టుగా వెన్ను ఒక పక్కకు వంగుతుంది. పిల్లాడు ఒక భుజం దించి నడుస్తాడు. పిల్లల్లో వెన్ను వంకర చాలా రకాలు. ఎదిగే వయసులో కారణం తెలియకుండా వచ్చే మామూలు వంకర సాధారణంగా నిద్ర చెడగొట్టేంత నొప్పి పెట్టదు. వంకరా ఉండి, రాత్రిపూట నొప్పీ ఉంటే అది వేరే లెక్క. అలాంటి పిల్లాడికి బెల్టు కట్టి పంపించేయడం సరికాదు. సీటీ స్కాన్ తీయాలి. ఎక్కడ ఉందో ఆనవాలు దొరక్కపోతే ముందు బోన్ స్కాన్ చేసి, అది వెలిగిన చోట సీటీ సన్నని ముక్కలుగా తీస్తే గడ్డ దొరుకుతుంది.

కొన్ని నెలలు చాలా విలువైనవని ఇందాక అన్నాను. 1986లో మేయో క్లినిక్ డాక్టర్లు పెటిన్, క్లాసెన్ ఇలాంటి రోగుల వివరాలు పరిశీలించారు. నొప్పి మొదలైన 15 నెలలలోపు గడ్డ తీసేసిన పిల్లల్లో వెన్ను తనంతట తాను నిటారుకు వచ్చే అవకాశం ఎక్కువగా కనపడింది. ఆ గడువు దాటినవాళ్లలో గడ్డ పోయి నొప్పి తగ్గినా, వంకర మిగిలిపోయింది. ఎదుగుతున్న ఎముక ఏ రూపంలో ఎక్కువకాలం ఉంటే ఆ రూపంలోనే గట్టిపడిపోతుంది. పొలం పనులు, పండుగలు, పరీక్షలు, ‘వచ్చే నెల చూద్దాం’ అనే మాటలు కలిపితే మన ఊళ్లలో 15 నెలలు ఎంత తేలిగ్గా గడిచిపోతాయో మీకే తెలుసు.

దీనికి వైద్యం ఏమిటి? పూర్వం తెరిచి, గడ్డ ఉన్న ఎముక భాగాన్ని తొలిచేసేవారు. ఇప్పటికీ నరాలకు మరీ దగ్గరగా ఉంటే అదే చేస్తారు. అయితే 1992లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి రేడియాలజిస్టు డేనియల్ రోసెన్‌తాల్ ఒక కొత్త పద్ధతి ప్రకటించాడు. సీటీలో చూస్తూ సన్నటి సూదిని గడ్డ నడిమధ్యకు పంపి, రేడియో తరంగాలతో దాన్ని వేడిచేసి చంపడం. సుమారు 90 డిగ్రీల వేడి, కొన్ని నిమిషాల పని. మరునాటికి చాలామంది లేచి నడుస్తారు. వెన్నులో నరాల తాడు పక్కనే ఉంటుంది కాబట్టి, గడ్డకూ నరానికీ మధ్య చాలినంత ఎడం ఉందో లేదో చూసుకున్నాకే ఈ వేడి వైద్యానికి దిగుతారు. నొప్పి బిళ్లలతో నెట్టుకొస్తే కొన్నేళ్లకు ఈ గడ్డ దానంతటదే చల్లబడుతుందన్న మాటా పుస్తకాల్లో ఉంది. కాలి ఎముకలో అయితే ఆ మాట పట్టుకుని కొందరు ఆగవచ్చు. వెన్ను వంకరపోతున్న పిల్లాడి విషయంలో నేను ఆగమనను.

దీనికే పెద్దన్నలాంటిది ఆస్టియోబ్లాస్టోమా. రెండు సెంటీమీటర్లు దాటి పెరుగుతుంది, బిళ్లలకు అంతగా లొంగదు, వెన్నెముక అంటే దీనికి ప్రత్యేకమైన ఇష్టం. మూడింట ఒకటికి పైగా వెన్నులోనే వస్తాయి. పెరిగి నరాల మీద పడుతుంది కాబట్టి దీన్ని తీసేయాల్సిందే, సగం సగం తీస్తే మళ్లీ మొలుస్తుంది.

ఇప్పుడు రెండో ఇంటికి వెళదాం. ఇక్కడ వ్యవహారం పూర్తిగా తలకిందులు.

నలభై అయిదేళ్ల వదినగారు. నడుం నొప్పి, కాలు లాగుతుందని ఎమ్మారై తీయించారు. డిస్కు కొంచెం జారింది, అది నొప్పికి కారణం. కానీ రిపోర్టు అడుగున ఇంకో వాక్యం ఉంది: ‘పన్నెండో వీపు పూసలో హిమాంజియోమా’. ఇంటర్ చదివే కొడుకు ఫోనులో వెతికాడు. ‘ట్యూమర్’ అని కనపడింది. ఇంట్లో ఏడుపులు. మర్నాటికి బంధువులు దిగారు. ఎవరో ముంబై పొమ్మన్నారు, ఎవరో పసరు వైద్యం అన్నారు. బంగారం కుదువ పెట్టే మాటా వచ్చింది.

అమ్మా, అన్నా, ఒక్క నిమిషం ఆగండి. హిమాంజియోమా అంటే పూస లోపల రక్తనాళాల చిన్న గుంపు. డ్రెస్డెన్ నగరంలో గియోర్గ్ ష్మోర్ల్ అనే పాథాలజిస్టు చనిపోయినవాళ్ల వెన్నెముకలను జీవితమంతా కోసి చూశాడు. వెన్నెముక గురించి మనకు తెలిసిన సంగతులు చాలావరకు ఆయన బల్ల మీద నుంచి వచ్చినవే. ఆయన, ఆయనతో పనిచేసిన జుంగాన్స్ కలిసి ఇచ్చిన లెక్కలో 3829 వెన్నెముకల్లో 10.7 శాతంలో హిమాంజియోమా ఉంది. అంటే ముఖేడ్ సంతలో మీ ముందు నడిచే పదిమందిలో ఒకరికి అది ఉండవచ్చు. వాళ్లు దానితోనే పుట్టెడు పనులు చేశారు, పిల్లల్ని కన్నారు, ముసలివాళ్లయ్యారు, మరేదో కారణంతో పోయారు. ఎమ్మారై లేని రోజుల్లో అది చాలామందిలో కనపడలేదు. ఇప్పుడు యంత్రం వచ్చింది కాబట్టి కనపడుతోంది. జబ్బు కొత్తగా పెరగలేదు.

ఇది డాక్టర్లకు ఎలా పట్టుబడుతుందో కూడా చెబుతాను, కొంచెం ధైర్యం వస్తుంది. రక్తనాళాలు చోటు చేసుకునేసరికి పూస లోపలి సన్నటి ఎముక వాసాలు కొన్ని కరిగిపోతాయి. నిలువుగా ఉన్నవి బరువు మోయడానికి లావెక్కుతాయి. అందుకే ఎక్స్‌రేలో నిలువు గీతలు కనపడతాయి, రేడియాలజిస్టులు వాటిని జైలు ఊచలంటారు. సీటీలో అడ్డంగా కోసి చూస్తే అవే చుక్కలు చుక్కలుగా ఉంటాయి. ఎమ్మారైలో రెండు రకాల బొమ్మల్లోనూ తెల్లగా మెరిస్తే లోపల కొవ్వు ఎక్కువని, అది నిద్రపోతున్న గడ్డ అని లెక్క. ఈ ముద్రలు స్పష్టంగా ఉన్నప్పుడు సూది పరీక్ష కూడా చేయరు. రోగికి డాక్టరు చెప్పాల్సింది ఒకటే మాట: ‘దీన్ని మరిచిపో, నీ నొప్పి డిస్కుది.’ ఆ ఒక్క మాట చెప్పడానికి తీరిక లేక రిపోర్టును చేతిలో పెట్టి పంపే పద్ధతి మీద నాకు కోపం ఉంది. నాలుగు మాటలు మాట్లాడితే ఒక ఇంటి బంగారం ఇంట్లోనే ఉండేది.

నూటికి ఒకటి రెండు హిమాంజియోమాలు మాత్రం మాట వినవు. కొవ్వు తక్కువగా, రక్తం ఎక్కువగా ఉండి, పూసను ఉబ్బించి నరాల గొట్టంలోకి వస్తాయి. గర్భిణుల్లో, ముఖ్యంగా ఏడో నెల దాటాక, ఒంట్లో రక్తం పెరిగి పొట్ట బరువు సిరల మీద పడినప్పుడు కొన్ని ఉబ్బుతాయి. నెలలు నిండుతున్న ఆడమనిషికి వీపు మధ్యలో నొప్పితో పాటు కాళ్లు తిమ్మిరెక్కి, తడబడుతుంటే, ‘గర్భంతో అందరికీ ఇంతేలే’ అనకూడదు.

ఇలాంటి మొండి హిమాంజియోమా వల్లనే ఒక గొప్ప వైద్యం పుట్టింది. 1984లో ఫ్రాన్స్‌లోని అమియాన్ పట్టణంలో 54 ఏళ్ల ఒక మహిళకు మెడలో రెండో పూసంతా హిమాంజియోమా తినేసింది. భరించలేని నొప్పి. న్యూరోసర్జన్ పియేర్ గాలిబేర్, రేడియాలజిస్టు ఎర్వే డెరమాఁ కలిసి ఒక సూది గుండా ఆ పూసలోకి ఎముకల సిమెంటు పోశారు. కీలు మార్పిడి ఆపరేషన్లలో వాడే అక్రిలిక్ సిమెంటే అది. నొప్పి పోయింది. 1987లో ఆ సంగతి ప్రచురించారు. దాని పేరు వర్టిబ్రోప్లాస్టీ. ఈ రోజు ఎముకలు గుల్లబారిన ముసలమ్మలకు పూస కుంగితే అదే పద్ధతి హైదరాబాద్‌లోనూ చేస్తున్నారు. అందరికీ అవసరం లేకపోయినా చేసేవాళ్లూ ఉన్నారు, అది వేరే ప్రసంగం.

పిల్లల్లో వచ్చే మరో వింత జబ్బు చెప్పి ముందుకు వెళతాను. 1925లో జాక్ కాల్వే అనే ఫ్రెంచి డాక్టరు పిల్లల్లో ఒక పూస పూర్తిగా అణిగిపోయి రూపాయి బిళ్లంత పల్చబడటం చూశాడు. దానికి అసలు కారణం ఎక్కువగా ఈయోసినోఫిలిక్ గ్రాన్యులోమా అని తర్వాత తేలింది. ఎక్స్‌రే చూసిన తల్లిదండ్రులకు గుండె ఆగినంత పనవుతుంది. అయినా, చాలామంది పిల్లల్లో ఒక్కచోటే ఉన్న ఈ జబ్బుకు నడుం పట్టీ, విశ్రాంతి, గమనింపు చాలు. పిల్లాడు ఎదుగుతున్న కొద్దీ ఆ పల్చబడిన పూస కొన్నేళ్లలో మళ్లీ ఎత్తు పెరుగుతుంది. మనిషి ఎముకకు ఉన్న ఈ శక్తి చూసినప్పుడల్లా నాకు ఆశ్చర్యమే.

అయితే మన దేశంలో పూస కుంగిందంటే డాక్టరుకు మొదట గుర్తుకొచ్చేది క్షయ, రావాలి కూడా. 1779లో లండన్ సర్జన్ పెర్సివల్ పాట్ వివరించిన వెన్ను క్షయ మన పల్లెల నుంచి ఇంకా పోలేదు. క్షయ రెండు పూసల మధ్య ఉండే డిస్కును తినేస్తుంది, పక్కన చీము పోగవుతుంది. గడ్డ మామూలుగా డిస్కు జోలికి పోదు. ఇది పెద్ద తేడానే, కానీ ఫిల్ము చూసి అన్నిసార్లూ తేల్చలేం. అనుమానంతోనే క్షయ మందులు మొదలుపెట్టి, తగ్గలేదని మందులు మార్చి, ఏడాది తర్వాత అది క్షయ కాదని తెలుసుకోవడం జరుగుతుంటుంది. క్షయ ఉన్నవాడికి గడ్డ అని కోసేయడమూ అంతే చెడ్డది. అందుకే సూదితో ముక్క తీసి పరీక్షించాలి.

ఆ సూది అనగానే మన ఊళ్లలో ఒక మాట అడ్డం వస్తుంది: సూది గుచ్చితే గడ్డ రెచ్చిపోతుంది, ఒళ్లంతా పాకుతుంది అని. ఈ మాట విని వెనక్కి వెళ్లిపోయినవాళ్లు తక్కువేమీ కాదు. సీటీలో చూస్తూ, సరైన దారిలో పంపే సూది వల్ల పేరు తెలుస్తుంది, పేరు తెలిస్తేనే వైద్యం. ఒక జాగ్రత్త మాత్రం నిజం. ముక్క తీసే దారి, తర్వాత జరగబోయే ఆపరేషన్ దారిలోనే ఉండాలి. అందుకని ఆపరేషన్ ఎక్కడ చేయించుకుంటారో అక్కడే సూది పరీక్ష చేయించుకోవడం మంచిది. ఒక ఊళ్లో గుచ్చించి, ఇంకో ఊళ్లో కోయించడం వద్దు.

ఇక కొంచెం దుడుకు గడ్డలు రెండు. ఇవీ క్యాన్సర్ కావు, కానీ సాధువులనీ చెప్పలేం. మొదటిది అన్యూరిస్మల్ బోన్ సిస్ట్. 1942లో ఇందాకటి జాఫే, లిచ్టెన్‌స్టైన్ కలిసి దీనికి పేరు పెట్టారు. ఇరవై ఏళ్లలోపు వాళ్లలో ఎక్కువ. లోపలంతా రక్తపు గదులు, ఎమ్మారైలో రక్తం పేరుకుని నీటి మట్టాల్లా కనిపిస్తుంది. వేగంగా ఉబ్బి పూసను డొల్ల చేస్తుంది. కోసేముందు దానికి రక్తం తెచ్చే నాళాలను మూసేస్తే ఆపరేషన్‌లో రక్తస్రావం తగ్గుతుంది, కొన్నిసార్లు అలా మూయడంతోనే గడ్డ ఎండిపోతుంది. రెండోది జెయింట్ సెల్ ట్యూమర్. ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్య వస్తుంది, వెన్నులో అయితే ఎక్కువగా కూర్చునే చోట ఉండే త్రికాస్థిలో. పాశ్చాత్యుల కంటే ఆసియావాళ్లలో దీని వాటా ఎక్కువ. 2013లో అమెరికాలో దీనికి డెనోసుమాబ్ అనే ఇంజెక్షన్ అనుమతి పొందింది, కోయడానికి వీల్లేని చోట అది గడ్డను అణిచిపెడుతుంది. తక్కువమందిలోనే అయినా ఈ గడ్డ ఊపిరితిత్తులకు పోతుంది. అందుకే దీనికి వైద్యం అయ్యాక కూడా ఏళ్ల తరబడి ఛాతీ ఫిల్ములతో కనిపెట్టి చూడాలి.

క్యాన్సర్ కానప్పుడు ఇంత హడావిడి ఎందుకు అని అడగవచ్చు. చోటు వల్ల. చేతిలో ఇదే గడ్డ ఉంటే పక్కకు పెరగడానికి కావలసినంత కండ ఉంది. వెన్నులో నరాల తాడు పోయే గొట్టం వీపు మధ్యలో వేలి లావు కూడా సరిగ్గా ఉండదు. అక్కడ కొన్ని మిల్లీమీటర్లు పెరిగినా కాళ్లు పడిపోవచ్చు. అందుకే కొన్ని గుర్తులు ఇంట్లో ఆడవాళ్లకూ మగవాళ్లకూ తెలిసి ఉండాలి. నడుస్తుంటే కాలి చెప్పు జారిపోయినా తెలియకపోవడం. మెట్లు ఎక్కుతుంటే మోకాళ్లు మడతపడటం. తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం. మూత్రం బిగుసుకుపోవడం, లేదా తెలియకుండా పోవడం. వీటిలో ఏది కనపడినా రేపటి దాకా ఆగే పని లేదు. ఆ రాత్రే బయలుదేరాలి. నలిగిన నరం మీద ఒత్తిడిని గంటల్లో తీసేస్తే తేరుకోవచ్చు, రోజులు గడిస్తే ఆ అవకాశం తగ్గిపోతుంది.

పెద్దవయసు వాళ్ల గురించి ఒక మాట. పిల్లల్లో వెన్నుపూస గడ్డలు ఎక్కువగా మంచివే. యాభై దాటినవాళ్లలో, పడుకున్నా తగ్గని నొప్పి, బరువు తగ్గడం ఉంటే, అది వేరేచోట పుట్టిన క్యాన్సర్ వెన్నుకు చేరడం కావచ్చు. రొమ్ము, ఊపిరితిత్తి, ప్రోస్టేట్ గ్రంథి నుంచి అలా వస్తుంది. వాళ్లకు ఈ ప్రసంగంలోని ధైర్యపు మాటలు చెప్పి ఆపకండి, వెంటనే చూపించండి.

బరువులు మోయడం వల్ల ఈ గడ్డలు వస్తాయా అని చెరుకు కోతకు వలస వెళ్లేవాళ్లు, హమాలీలు అడుగుతుంటారు. రావు. బరువు డిస్కును దెబ్బతీస్తుంది, గడ్డను పుట్టించదు. కానీ గడ్డతో డొల్ల అయిన పూస బరువుకు విరగవచ్చు. కాబట్టి పేరు తెలియని వెన్నునొప్పికి గట్టిగా మర్దనా చేయించడం, వీపు మీద ఎక్కి తొక్కించడం, వాతలు పెట్టించడం వద్దు. ముఖేడ్ ప్రాంతానికి ఈ మాట కొత్త కాదు. పాము కరిస్తే మంత్రగాడి దగ్గరికి కాకుండా ఆసుపత్రికి తేవాలని డాక్టర్ దిలీప్ పుండే ఆ ఊళ్లోనే ఉండి ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. పాముకాటు వైద్యంతోనే ఆ ఊరి పేరు దూరాలకు వెళ్లింది. పాముకు నేర్చుకున్న తొందర వెన్నుకూ పనికొస్తుంది.

డబ్బు సంగతి మాట్లాడకుండా ఈ ప్రసంగం పూర్తి కాదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీని చూసే మహారాష్ట్ర ప్రభుత్వం జీవన్‌దాయీ ఆరోగ్య యోజన తెచ్చింది. 2012 జూలైలో దాన్ని మొదట అమలుచేసిన 8 జిల్లాల్లో నాందేడ్ ఒకటి. 2017లో దానికి మహాత్మా జ్యోతిరావ్ ఫులే జన ఆరోగ్య యోజన అని పేరు మార్చారు. రేషన్ కార్డు ఉన్నవాళ్లు పథకంలో చేరిన ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర బల్ల దగ్గర అడగండి. మీ పిల్లాడికి చెప్పిన ఆపరేషన్ ఆ జాబితాలో ఉందా లేదా అన్నది వాళ్లు చెబుతారు. హైదరాబాద్ వెళ్లదలిస్తే, ఆయుష్మాన్ కార్డు అక్కడి ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో ముందే కనుక్కుని బయలుదేరండి. బస్టాండులో దిగి ఆటోవాడు చెప్పిన ఆసుపత్రికి వెళ్లకండి.

ఎక్కడికి వెళ్లాలి అంటే, మొదట ముఖేడ్‌లోని ప్రభుత్వ ఆసుపత్రికి. అక్కడి నుంచి నాందేడ్ విష్ణుపురిలో డాక్టర్ శంకర్రావ్ చవాన్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికి చీటీ రాయించుకోండి. ఎముకల విభాగం, రేడియాలజీ, పాథాలజీ ఒకే ఆవరణలో ఉండటం ఈ జబ్బుకు పెద్ద సౌకర్యం. ఇంకా పెద్ద వైద్యం కావాలంటే హైదరాబాద్ పంజాగుట్టలో నిమ్స్ ఉంది. 1960లలో నిజాం ట్రస్టు డబ్బుతో ఎముకల ఆసుపత్రిగానే అది మొదలైంది. పెద్దవాళ్లు కొందరు ఇప్పటికీ దాన్ని ‘బొక్కల దవాఖానా’ అనే అంటారు. రేడియేషన్ అవసరమైన అరుదైన గడ్డలకు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఆ గేటు మీద క్యాన్సర్ అని రాసి ఉన్నంత మాత్రాన మీకు క్యాన్సర్ అని కాదు.

వెళ్లేటప్పుడు ఒక సంచిలో ఇవన్నీ పెట్టుకోండి: పాత ఎక్స్‌రేలు, ఎమ్మారై ఫిల్ములు, వాటి సీడీ, రక్త పరీక్షల కాగితాలు, ఇప్పటిదాకా వేసిన బిళ్లల ఖాళీ అట్టలు. రిపోర్టు కాగితం ఒక్కటీ తెస్తే చాలదు, డాక్టరు బొమ్మ చూడాలి. నొప్పి ఎప్పుడు మొదలైందో, రాత్రి ఎన్నింటికి లేపుతుందో, ఏ బిళ్లకు ఎంతసేపట్లో తగ్గుతుందో ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. మరాఠీలో రాసినా, తెలుగులో రాసినా పరవాలేదు. ఆ కాగితం చాలాసార్లు ఒక స్కాన్ చేసేంత పని చేస్తుంది.

మీ ఇంట్లో పిల్లాడో పిల్లో రెండు మూడు వారాలుగా వెన్నునొప్పితో అర్ధరాత్రి లేస్తుంటే, ఈ వారంలోనే చొక్కా విప్పించి, ముందుకు వంగమని, వెనక నుంచి వెన్ను చూడండి. ఒక పక్కకు వంగినట్టు కనపడితే వచ్చే నెలకు వాయిదా వేయకండి, రేపు పొద్దున్నే దవాఖానాకు తీసుకెళ్లండి. వంగకపోయినా రాత్రి నొప్పి ఆగకుంటే తీసుకెళ్లండి.